పది బై పదిహేను

1985 జనవరి 19, శనివారం

టీబీ అని తేలింది. దేవునికి స్తోత్రం.

రాసి చూసుకుంటే నాకే వింతగా ఉంది. కానీ ఈ నెల రోజులు మేం పడ్డ భయం ముందు టీబీ ఎంత? క్రిస్మస్ ముందు మొదలైన దగ్గు తగ్గలేదు. రోజూ సాయంత్రం జ్వరం. పుష్ప జాకెట్లన్నీ వదులైపోయాయి. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి మీద మచ్చ ఉందన్నప్పుడు ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది, ఇద్దరం పైకి అనలేదు. డెబ్బై ఎనిమిదిలో ఎడమ రొమ్ముతో పాటు తీసేశారనుకున్న కాన్సరు మళ్ళీ లోపల లేచిందనుకున్నాం.

ఈ రోజు కళ్ళె పరీక్ష వచ్చింది. "టీబీయే సుందర్ రాజ్ గారూ. మందులున్నాయి. మానకుండా వేస్తే తగ్గిపోతుంది," అన్నారు డాక్టర్ శ్రీరామ్మూర్తి గారు. సీతమ్మధారలో ఆయన క్లినిక్ మెట్లు దిగి రోడ్డు మీదికి రాగానే పుష్ప నా చెయ్యి పట్టుకుంది. పందొమ్మిదేళ్ళ కాపురంలో రోడ్డు మీద చెయ్యి పట్టుకోవడం ఇదే మొదలు.

"టీబీయేనటండీ!" అంది, పరీక్ష పాసైనట్టు.

మందు వేసిన రోజూ, వేళా రాసుకోమన్నారు డాక్టరు గారు. పోర్టు ఆఫీసులో ఏటా ఇచ్చే డైరీ ఎప్పుడూ ఖాళీగానే పారేస్తాను. ఈ ఏడాది పనికొచ్చింది.

జనవరి 21, సోమవారం

మందులు మొదలు. ఉదయం ఆరింటికి, పరగడుపున. ఎర్ర క్యాప్సూలు ఒకటి, తెల్ల మాత్రలు మూడు. పదింటికి క్లినిక్‌లో ఇంజక్షను.

జనవరి 22

వేసింది. మూత్రం ఎర్రగా వచ్చిందని హడలిపోయింది. అది క్యాప్సూలు రంగేనని డాక్టరు గారు నాతో ముందే చెప్పారు. ఆమెకు చెప్పడం నేనే మరిచిపోయాను.

జనవరి 23

వేసింది.

జనవరి 28

వేసింది. నాలుగు రోజులుగా జ్వరం లేదు. ఆకలి వేస్తోందంటోంది. జాలరిపేట నూకాలు గుమ్మంలో చేపల తట్ట దించితే, తనే లేచి వెళ్ళి బేరమాడి వంజరం ముక్కలు కొంది. వంటింట్లోంచి ఇద్దరి నవ్వులూ వినిపించాయి. ప్రార్థనలో ఈ రోజు అడిగిందేమీ లేదు. వందనాలు మాత్రమే.

జనవరి 30

వేసింది. ఇంట్లో నా పాత చొక్కా తొడుక్కుని తిరుగుతోంది. ఉక్కగా ఉందంటోంది. జనవరిలో ఉక్కేమిటని అడగబోయి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 2, శనివారం

ఒంటిపూట ఆఫీసు. వీధి మలుపులో నూకాలు ఎదురైంది. తట్ట ఖాళీగా ఉంది. నా కోసమే నిలబడినట్టుంది.

"బాబూ, అమ్మని ఓపాలి ఆస్పత్రికి తీసుకెల్లండి."

"ఏమైంది? దగ్గు తగ్గిందిగా?"

"దగ్గు కాదు బాబూ. గుండెల మీద ఈ మేర కమిలిపోయుంది. పొయ్యి మీద పడ్డట్టుంది. నాకు సూపించింది. బాబుకి సెప్పకే అంది. నాను సెప్పకుండా ఉండలేకపోతన్నాను. ఏటి సేత్తారో మీ ఇట్టం."

ఇంటికొచ్చి భోంచేశాను. పుష్ప వడ్డించింది. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని ఉంది. 

నూకాలుకు చూపించింది. నాకు చూపించలేదు.

అందులో ఆమె తప్పు లేదు. ఆపరేషను అయిన ఈ ఆరున్నరేళ్ళలో నేను ఒక్కసారీ చూడలేదు. ఆమె ఇబ్బంది పడుతుందని. ఆమె ఇబ్బంది పడుతుందనే.

ఫిబ్రవరి 3, ఆదివారం

వేసింది. ఆరాధన నుంచి రాగానే అడిగేశాను. నూకాలు చెప్పిందన్నాను.

"చూస్తారా?" అంది.

"చూడకపోతే ఎలా?"

కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఎండ వైపు తిరిగి కూర్చుని, గుండీలు ఒక్కొక్కటే తీసింది. తీస్తున్నంతసేపూ నా మొహమే చూసింది.

ఇరవై రెండేళ్ళుగా గీతలు గీసి బతుకుతున్న డ్రాఫ్ట్స్‌మన్‌ని. దద్దురైనా తామరైనా అంచు తిన్నగా ఉండదు. ఇది ఉంది. ఎడమ పక్క, పాత కుట్టు గీత మీదుగా, ముదురు ఎరుపు. నాలుగు వైపులా స్కేలు పెట్టి గీసినట్టు ఆగిపోయింది. అవతలి చర్మం మామూలుగా ఉంది. మూలలు కూడా సెట్ స్క్వేర్ పెట్టినట్టున్నాయి. భుజం వైపు పై మూల ఒక్కటి మాత్రం కోసేసినట్టు ఏటవాలుగా ఉంది.

"అదేనండీ," అంది.

"ఏది?"

"అప్పుడు ఆపరేషను తర్వాత కాన్సరుకు మిషను కింద కరెంటు పెట్టిన చోటు. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నాకు తెలీదా? ఊదా సిరాతో గీతలు గీసి, స్నానం చేస్తే చెరిగిపోతాయని ఐదు వారాలు తడిగుడ్డతో తుడుచుకున్నదాన్ని. అప్పుడూ సరిగ్గా ఇలాగే కాలింది. తర్వాత నల్లబడి, మానిపోయింది. ఇన్నేళ్ళూ ఏమీ లేదు." చొక్కా అంచు దగ్గరికి లాక్కుంటూ, "మళ్ళీ ఎవరు పెట్టారండీ నాకు కరెంటు?" అంది.

 నేను చూపు తిప్పుకోలేదు. అది రాసుకోవాలి. తిప్పుకోలేదు.

ఫిబ్రవరి 4

వేసింది. శ్రీరామ్మూర్తి గారు చాలాసేపు చూశారు. పుష్పను బయట కూర్చోమని, "పాత జబ్బు చర్మం మీద లేచిందేమో చూడాలి. ముక్క తీసి పరీక్షకు పంపుదాం," అన్నారు. మందులు ఆపొద్దన్నారు.

ఇద్దరం భయపడింది ఇదే. టీబీ అని సంతోషించినందుకు కూడా ఇప్పుడు భయంగా ఉంది.

ఫిబ్రవరి 7

వేసింది. ముక్క తీశారు. ఫలితానికి పది రోజులు.

ఫిబ్రవరి 11

వేసింది. పైపొర ఊడి నీరు కారుతోంది. కట్టు తనే కట్టుకుంటోంది. సాయం చేస్తానన్నాను, వద్దంది. అడగడమైతే అడిగాను.

ఫిబ్రవరి 18, సోమవారం

కాన్సరు లేదు! ముక్కలో వాపు తప్ప ఏమీ లేదని రాశారు.

మరి ఇదేమిటని అడిగితే డాక్టరు గారు తల అడ్డంగా ఊపారు. "మందు పడకపోతే ఒళ్ళంతా దద్దుర్లు రావాలి. ఇలా హద్దులు గీసుకుని రాదు." పూయడానికి ఆయింట్‌మెంటు రాశారు.

ఫిబ్రవరి 20

వేసింది, కక్కేసింది. కళ్ళు పచ్చబడ్డాయి. కాలేయానికి విశ్రాంతి కావాలని డాక్టరు గారు అన్ని మందులూ ఆరు రోజులు ఆపమన్నారు.

ఫిబ్రవరి 26

ఆయింట్‌మెంటు పని చేసింది. చర్మం ఆరింది, ఎరుపు చాలా తగ్గింది. పుష్ప ఈ రోజు మంచి జాకెట్టు వేసుకుని స్త్రీల ప్రార్థనకు వెళ్ళొచ్చింది. కళ్ళ పసుపూ తగ్గింది. రేపటి నుంచి మళ్ళీ మందులు.

ఫిబ్రవరి 27

వేసింది.

ఫిబ్రవరి 28

వేసింది. మధ్యాహ్నం నుంచి మంటంటోంది.

మార్చి 1

వేసింది. మళ్ళీ ఎర్రబడింది. అదే చోటు, అవే అంచులు. ఆయింట్‌మెంటు రోజుకు మూడుసార్లు పూస్తూనే ఉంది.

మార్చి 2, శనివారం

ఆఫీసులో కూర్చుని ఈ డైరీ మొదటి నుంచి చదివాను. ఒక గ్రాఫు కాగితం మీద తేదీలు వేశాను. మందులు మొదలైన వారానికి ఎరుపు. ఆపిన ఆరు రోజుల్లో మాయం. మొదలెట్టిన మర్నాడు మంట.

మందులే. కాలిన చోటును మందులే మళ్ళీ కాలుస్తున్నాయి. ఎలాగో నాకు తెలియదు. గీత మాత్రం అబద్ధం చెప్పడం లేదు.

మార్చి 3, ఆదివారం

వేసింది. ట్రేసింగ్ పేపరు తెచ్చి ఆమెకు చెప్పాను. మొదట వింతగా చూసింది, తర్వాత కిటికీ దగ్గర కూర్చుంది. పల్చని గుడ్డ పరిచి, దాని మీద కాగితం ఆనీ ఆనకుండా పట్టుకుని, మెత్తటి పెన్సిలుతో అంచు గీశాను.  

"మీ ఆఫీసు ప్లానుల్లా నన్ను కూడా అమ్మోనియా ప్రింటు తీయిస్తారా ఏటి?" అంది.

నవ్వింది. దగ్గొచ్చి ఆగిపోయింది.

కొలిచాను. పది సెంటీమీటర్లు బై పదిహేను.

మార్చి 5, మంగళవారం

వేసింది. సెలవు పెట్టి ట్రేసింగు, గ్రాఫు, ఆమె పాత చికిత్స కార్డు పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాను. కరెంటు పెట్టే కోబాల్టు మిషను గదిలో అప్పటి ఆపరేటరు గవర్రాజే ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. కార్డు చూసి, లోపలి నుంచి దుమ్ము పట్టిన రిజిస్టరు తెచ్చి పేజీ తీశాడు. పది బై పదిహేను. పక్కన అతని చేత్తోనే గీసిన చిన్న బొమ్మ. నా ట్రేసింగు తిప్పి తిప్పి చూశాడు.

"ఇది నాను పెట్టిన ఫీల్డే బాబూ. ఈ పైమూల సూడండి, కోసినట్టు లేదూ? కరెంటు బుజం కీలు మీద పడకూడదని ఆ మూలకి సీసం దిమ్మ అడ్డం పెట్టీవోడ్ని. ఆ దిమ్మ నీడే ఇది." వేలు ఆ మూల గీత వెంట జరిపాడు. "ఆరేళ్ళనాడు పెట్టినాను. ఇప్పుడెలా లెగిసింది?"

మందుల సంగతి చెప్పాను. ఇలాంటిది ఒక్కసారి చూశానన్నాడు. కరెంటు అయిపోయిన రెండు నెలలకు ఒకావిడకు కాన్సరు సూదిమందు ఇస్తే పాత గడి మొత్తం లేచిందట. "అప్పుడున్న పెద్ద డాక్టరుగారు దానికేదో పేరు సెప్పినారు. ఆయన బదిలీ అయిపోయేరు."

ఇప్పటి డాక్టరు గారి దగ్గరికి తనే తీసుకెళ్ళాడు. ఆయన ఓపిగ్గానే విన్నారు. గ్రాఫు కూడా చూశారు.

"పుస్తకాల్లో ఉందండీ. కానీ వారాలు, నెలల్లో జరిగినవి. అవీ కాన్సరు మందులకి. ఆరున్నరేళ్ళ తర్వాత, టీబీ మందులకి నేను వినలేదు. మీరు చెప్పేది నిజమే అయినా నేను చెప్పేది ఒక్కటే. మందులు మానొద్దు. చర్మం కాలితే మనిషి చావదు. టీబీ చంపుతుంది."

బయట గవర్రాజు బీడీ తీసి, వెలిగించకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "అమ్మగోరు నా మీద కోపంగుండారా బాబూ?" అన్నాడు.

లేదన్నాను.

మార్చి 8

వేసింది. మళ్ళీ నీరు కారుతోంది. ఎడమ చెయ్యి పైకెత్తలేకపోతోంది. తల నూకాలు దువ్వి వెళ్ళింది.

మార్చి 10, ఆదివారం

వేయలేదు.

ఆరింటికి గ్లాసుతో నీళ్ళూ మాత్రలూ పట్టుకెళ్ళాను. చేత్తో పక్కకు నెట్టింది.

"నా వల్ల కాదండీ. ఆ మిషను కింద ఐదు వారాలు పడుకున్నాను. నన్ను పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, అందరూ బయటికి పోయి తలుపేసుకునేవారు. మీరూ బయటే. ఆ చప్పుడు ఆగేదాకా ప్రభువా ప్రభువా అనుకుంటూ ఉండేదాన్ని. అదొక్కసారికే కదా అనుకుని పడ్డాను. మళ్ళీ రోజూ నా చేత్తో నేనే మింగి కాలమంటే నా వల్ల కాదు."

"డాక్టరు గారు..."

"డాక్టరు గారి ఒళ్ళు కాదు కదా."

సరే అన్నాను. రెండు వారాలు ఆపి, చర్మం మానాక చూద్దాం అన్నాను. దగ్గు ఎలాగూ బాగా తగ్గింది. రెండు వారాల్లో ఏమవుతుంది?

మార్చి 12

వేయలేదు. ఇంజక్షనుకు ఎందుకు రావడం లేదని శ్రీరామ్మూర్తి గారు కబురు పెట్టారు. వెళ్ళి, మా వీధిలో నర్సమ్మ ఉంది, ఆమె చేత చేయిస్తున్నామని చెప్పాను. మాత్రలు వేస్తోందా అని అడిగారు. వేస్తోందన్నాను. ఆయన కార్డు మీద రాసుకున్నారు.

అవసరం కోసం చెప్పిన మాట. రెండు వారాలకే.

మార్చి 16

వేయలేదు. చర్మం ఆరింది. కట్టు అక్కర్లేదు. ఈ రోజు ఇద్దరం ఆర్.కె. బీచి దాకా నడిచి, మరమరాలు తిని వచ్చాం. పుష్ప చాలా హుషారుగా ఉంది.

మార్చి 19

వేయలేదు. దగ్గు కొంచెం. చలిగాలికి.

మార్చి 22

వేయలేదు. దగ్గు తక్కువ.

మార్చి 24, ఆదివారం

రెండు వారాలైంది. మొదలెడదామా అన్నాను. మట్టల ఆదివారం వెళ్ళాక అంది. సరే అన్నాను. దగ్గు తక్కువ.

మార్చి 27

దగ్గు తక్కువ. సాయంత్రం ఒళ్ళు వెచ్చగా ఉంది. ఎండలు ముదురుతున్నాయి.

మార్చి 31, మట్టల ఆదివారం

పాట మధ్యలో దగ్గొచ్చి బయటికి వెళ్ళింది. మట్టలు ఊపినప్పుడు దుమ్ము లేచింది. చాలామంది దగ్గారు.

ఏప్రిల్ 2

దగ్గు తక్కువ.

ఏప్రిల్ 5, శుభ శుక్రవారం

ఆరాధనకు ఒక్కణ్ణే వెళ్ళాను.

ఏప్రిల్ 9, మంగళవారం

రుమాలు నిండా ఎర్రగా.

క్యాప్సూలు రంగు అనుకోవడానికి లేదు. క్యాప్సూలు వేసి నెల అయింది.

ఏప్రిల్ 10

శ్రీరామ్మూర్తి గారు కొత్త ఎక్స్‌రే వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. మచ్చ ఉన్న చోట ఇప్పుడు బొరియ ఉంది. పక్కన కొత్త మచ్చలు.

"మందులు వేస్తుంటే ఇలా రాదు. ఎవరు ఆపమన్నారు?"

"నేనేనండీ," అంది పుష్ప.

ఆయన నా వైపు చూశారు. "నాతో వేస్తోందని చెప్పారు మీరు." పుష్ప కార్డు, నా మాట, ఆయన చేతిరాత, అన్నీ బల్ల మీద ఉన్నాయి.  ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నెమ్మదిగా, "సగంలో ఆపితే క్రిములు మందుకు అలవాటు పడతాయి సుందర్ రాజ్ గారూ," అన్నారు.

 ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూ పుష్ప అంది.

"నేను వద్దన్నాను సరే. మీరెందుకు ఊరుకున్నారు?"

"నీ బాధ చూడలేక."

"అవును. చూడలేకే. తిడతారనుకున్నాను. బలవంతంగా నోట్లో పోస్తారనుకున్నాను. సరే అన్నారు. అనగానే మీ ప్రాణం కుదుటపడింది, నేను చూశాను. ఇంక గుండీలు విప్పక్కర్లేదు, చూడక్కర్లేదని. ఆ సీసాల్లోని మాత్రలకంటే నాకు అదే ఎక్కువ మండిందండీ."

ఇది నిజం కాదు. ఆమె బాధ కోసమే ఆపాను. నేను చూడలేకపోవడానికీ దీనికీ సంబంధం లేదు.

ఏప్రిల్ 11

నిజమే.

ఏప్రిల్ 12

ట్రేసింగు, గ్రాఫు, రిజిస్టరులో పేజీ నకలు, అన్నీ శ్రీరామ్మూర్తి గారి ముందు పెట్టాను. ఒకటికి రెండుసార్లు చూశారు. "నాకు తెలియదు. కానీ తెలుసుకోవచ్చు. ఒక్కొక్కటే ఇచ్చి చూద్దాం," అన్నారు. ముందు ఇంజక్షను ఒక్కటే.

ఏప్రిల్ 16

ఇంజక్షనుకు చర్మం ఏమీ కాలేదు. ఈ రోజు నుంచి తెల్ల మాత్రలు కూడా.

ఏప్రిల్ 23

తెల్ల మాత్రలకూ ఏమీ కాలేదు. రేపు క్యాప్సూలు.

ఏప్రిల్ 24

వేసింది. ఆరింటికి వేస్తే రెండింటికల్లా మంట. నాలుగింటికి ఎరుపు. పది బై పదిహేను.

ఏప్రిల్ 25, గురువారం

డాక్టరు గారు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. మిగతా మందులతోనే నడపాలంటే ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. మధ్యలో ఆపినందువల్ల అవి పని చేస్తాయన్న నమ్మకమూ తక్కువ. బొరియ పెరుగుతోంది, అంత వ్యవధి లేదు. క్యాప్సూలే బలమైన మందు. అదే కాలుస్తోంది.

"మీరు చెప్పండి," అన్నారు.

నేను నోరు తెరిచేలోపు పుష్ప, "వేస్తానండీ," అంది. నన్ను అడగలేదు. అడగకపోవడమే మంచిది.

ఏప్రిల్ 29

వేసింది. ఈ రోజు నుంచి కట్టు నేనే కడతానన్నాను. వద్దనలేదు. కుర్చీ కిటికీ దగ్గరికి జరిపి కూర్చుంది.

నిన్నటి గుడ్డ పుండుకు అంటుకుపోయింది. కొస పట్టుకుని లాగాను. చర్మం గుడ్డతో వచ్చేసింది. పుష్ప కేక పెట్టింది. నేనూ కేక పెట్టాననుకుంటాను. పక్క వాటా ఆదిలక్ష్మమ్మ గారు పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయారు.

మే 1

వేసింది. ఇప్పుడు తెలిసింది. ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్ళు గుడ్డ మీద చుక్క చుక్కగా పోయాలి. ఇరవై నిమిషాలు నానాలి. తర్వాత మూలల నుంచి ఒక్కో మూలా ఎత్తుతూ మధ్యకు రావాలి. కోసిన మూల దగ్గర చివర తీయాలి, అక్కడ లోతు ఎక్కువ.

నూకాలు తన పాత నేత చీర ఉతికి, చింపి మడతలు పెట్టి తెచ్చింది. "కొత్త గుడ్డ గరుకుగుంటాది బాబూ. నాను పదేళ్ళు కట్టిన సీర. పువ్వులాగుంటాది."

మే 6

వేసింది. నానే ఇరవై నిమిషాలు పుష్ప కబుర్లు చెబుతోంది. చిన్నప్పుడు భీమిలిలో వాళ్ళ నాన్న పడవ ఎక్కనివ్వలేదని అలిగిన సంగతి. మాకు పిల్లలు పుట్టలేదని మా అమ్మ ఒక ఆదివారం చర్చి మెట్ల మీద అందరిలో అన్న మాట. ఆ మాట నాకు తెలియదు. నాకు ఎందుకు చెప్పలేదన్నాను.

"మీరు ఎప్పుడు ఇరవై నిమిషాలు కూర్చున్నారు?" అంది. నవ్వుతూనే.

మే 13

వేసింది. బరువు ముప్పై ఏడు కిలోలు. దగ్గులో ఎర్రజీరలు. కట్టు మార్చేటప్పుడు ఆమె కేక పెట్టదు. కుర్చీ చెయ్యి పట్టుకుంటుంది. అప్పుడప్పుడు నా మోచెయ్యి.

మే 20, సోమవారం

ఉదయం గిన్నెడు రక్తం. టీబీ ఆసుపత్రిలో చేర్చారు. ఆడవాళ్ళ వార్డు, పదకొండో మంచం. మగవాళ్ళను సాయంత్రం నాలుగు నుంచి ఐదు దాకానే లోపలికి రానిస్తారు.

మే 22

క్యాప్సూలు ఇచ్చారట. కట్టు ఉదయం తొమ్మిదింటికి నర్సు మారుస్తుందట. వార్డు సిస్టరును బతిమాలాను. కట్టు వరకు నన్ను రానివ్వండి, చేసి వెళ్ళిపోతానన్నాను.

"మిగతా ఆడవాళ్ళుంటారు కదండీ. మీ ఒక్కరికే ఎలా రానిస్తాం?" అంది. మర్యాదగానే చెప్పింది. ఆమె చెప్పింది సబబే.

ఎలా తీయాలో కాగితం మీద రాసి, బొమ్మ గీసి ఇచ్చాను. జేబులో పెట్టుకుంది.

జూన్ 3

నాలుగింటికి చూశాను. రక్తం ఆగింది. చెయ్యి అసలు కదపడం లేదు. కట్టు సంగతి అడిగితే, "బాగానే కడుతున్నారు," అంది.

గవర్రాజు వచ్చి వెళ్ళాడట. మంచం పక్కన కాసేపు నిలబడ్డాడట. రెండు బత్తాయిలు పెట్టి వెళ్ళాడట.

జూన్ 8

ఆసుపత్రి డాక్టరు గారు పిలిచి చెప్పారు. కళ్ళెలో క్రిములు సగానికి సగం తగ్గాయి. క్యాప్సూలు పట్టింది. కుడి ఊపిరితిత్తి పైభాగం పోయినట్టే, మిగతాది నిలబడుతుంది. మనిషి దక్కుతుందన్నారు. ఇంకో ఆరు నెలలు వేయాలి.

"మరి చర్మం?" అన్నాను.

"భరించాలండీ."

ఈ ప్రార్థన ఎలా చేయాలో తెలియలేదు. మందు పని చేయమని అడిగితే కాల్చమని అడిగినట్టే.

జూన్ 10, సోమవారం

ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి, తొమ్మిదింటికి ఆసుపత్రి వరండాలో నిలబడ్డాను. పదకొండో మంచం కిటికీ వరండా వైపే ఉంది. ఆకుపచ్చ తెర వేసి ఉంది. నాకూ తెరకూ మధ్య జానెడు. లోపల నర్సు బేసిన్ పెట్టిన చప్పుడైంది.

"లాగొద్దమ్మా," అంది పుష్ప. "ముందు నీళ్ళు పొయ్యి. నానాలి. మా ఆయన ఇరవై నిమిషాలు కూర్చుంటారు. మూలల నుంచి తీస్తారు."

"ఇరవై రెండు మందున్నారమ్మా నాకు. ఒక్కొక్కరికి ఇరవై నిముసాలు కూకుంటే సాయంత్రమైపోద్ది. ఓర్సుకో, ఒక్క సిటికె."

గుడ్డ ఊడిన చప్పుడు విన్నాను. అది ఏ మూల నుంచో కూడా తెలిసింది. పుష్ప కేక పెట్టింది. పెద్ద కేక. నా దగ్గర ఎప్పుడూ అలా పెట్టలేదు, మొదటి రోజు కూడా. తెర అంచు పట్టుకున్నాను. లోపల ఎవరో ముసలావిడ మంచం మీద లేచి, "ఎవురది బయట? మగమనిసి!" అని అరిచింది. తెర వదిలేశాను.

"పుష్పా," అన్నాను.

లోపల మంచం కిర్రుమంది.

"మా ఆయనేనమ్మా, ఇంకెవరూ కాదు," అంది పుష్ప అందరితో. తర్వాత, తెర వైపుకు, "ఆఫీసుకు వేళవుతోంది, వెళ్ళండి. నాకేమీ నొప్పి లేదు," అంది.

వెళ్ళలేదు. నర్సు మిగతా కట్టు తీసింది. ఇంకా మూడు మూలలున్నాయి. మూడూ విన్నాను. పుష్ప గొంతు మళ్ళీ వినిపించలేదు. కుర్చీ లేదు, నా మోచెయ్యి లేదు, దేన్ని పట్టుకుందో తెలియదు. నేను బయట ఉన్నానని తెలిశాక ఆమె అరవలేదు.

రేపటి నుంచి ఆ వేళకు అక్కడికి వెళ్ళను. అరవనివ్వాలి.